చెవులపిల్లి దేవునిది, పిడుదు నాది

మా మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుగ్గిళ్ళు పెడుతున్నాను. పక్కింటామె వాకిట్లో నిలబడి, రొప్పుతూ, "మీ మామ పోయినాడు పాపా, బిన్నే రా" అంది. సరే అన్నాను. చివర్లో కూర్చున్న పిల్లలకు ఇంకా పెట్టలేదు. వాళ్ళ పళ్ళేల్లో కూడా పెట్టి, గిన్నె కడిగి బోర్లించి, పిల్లల్ని ఆయాకు అప్పగించి బయల్దేరాను. దారిలో ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

ఇప్పటికి దినాలు కూడా అయిపోయాయి. వచ్చిన చుట్టాలు పోయారు. అద్దెకు తెచ్చిన పాత్రలు తిరిగి ఇచ్చేశాం. ఇంకా రాలేదు. మామ పోతే కోడలు ఏడవలేదని ఊళ్ళో అనుకుంటున్నారని నాకు తెలుసు. చదివేవాళ్ళు మీరూ అనుకోవచ్చు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే. పళ్ళు పీకించుకున్నాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా ఉంది. అది తగ్గేలోపు ఆయన గురించి నాలుగు మాటలు రాసిపెట్టుకుందామని కూర్చున్నాను. తగ్గాక రాయగలనో లేదో.

ఆయన పెద్దగా జబ్బు పడి పోలేదు. పొద్దున సంగటి తిన్నాడు. వసారాలో మంచం మీద కూర్చుని, ఎప్పటిలాగే మా కుక్కను కాళ్ళ మధ్య ఇరికించుకుని దాని చెవులు తిప్పి చూస్తున్నాడట. చూస్తూ చూస్తూనే పక్కకు ఒరిగాడట. నేను వెళ్ళేసరికి ఆయన్ను చాప మీద పడుకోబెట్టారు. కుక్క మాత్రం మంచం దగ్గరే కూర్చుని ఉంది, రెండో చెవి ఇంకా చూడలేదన్నట్టు.

కుక్క చెవులు చూడడం ఏమిటని మీకు అనిపిస్తుంది. చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది మడకశిర వైపు, కర్ణాటక గట్టున ఉన్న ఊరు. సగం మాటలు కన్నడం, సగం తెలుగు. వాన కోసం చూడడం తప్ప వేరే వ్యవసాయం తెలియని నేల. మా ఇంటిని అందరూ వలోళ్ళ ఇల్లు అంటారు. చెవులపిల్లి వల మా ఇంట్లో ఉంటుంది. చెవులపిల్లి అంటే కుందేలే. ఏడాదికి ఒకసారి, చలికాలం పండగకి, ఊరి మగవాళ్ళంతా గుట్ట కింద రేగు పొదలు తడుతూ పోతారు. అవతల మా ఇంటి మగమనిషి వల కట్టి కూర్చుంటాడు. ప్రాణంతో ఒక చెవులపిల్లిని పట్టాలి. దానికి దెబ్బ తగలకూడదు. ఒక రాత్రి వలోళ్ళ ఇంట్లో ఉంచి, మరునాడు మేళంతో గుడికి తీసుకుపోయి, కుంకుమ పెట్టి, చెవికి పోగు కుట్టి, దేవుని పల్లకీ కింద తిప్పి గుడి ముందర వదిలేస్తారు. అది తూర్పుకు పరిగెత్తితే ఆ ఏడు వానలు. పడమటికి పరిగెత్తితే బెంగుళూరుకు కూలి పని.

నేను యాడికి అనే ఊరికి దగ్గర పల్లె నుంచి వచ్చిన దాన్ని. మా వైపు చెవులపిల్లి దొరికితే మసాలా నూరుతారు. పెళ్ళయిన మొదటి ఏడు ఈ సంబరం చూసి నాకు నవ్వు ఆగలేదు. అందరూ ఉన్నారన్న సంగతి మరిచిపోయి పైకే నవ్వేశాను. మామ నా వైపు చూశాడు. కోపం చేస్తాడనుకున్నాను. "మీ నాయనోళ్ళ ఊర్లో వానలు బాగుండాయా?" అని అడిగాడు. లేవు మామా అన్నాను. "తింటే యాడుంటాయి మరి" అన్నాడు. అంతే. ఆయన వేళాకోళం అట్లాగే ఉండేది. నవ్వేవాడు కాదు, మనం నవ్వాలో లేదో తెలిసేది కాదు.

ఆ ఏడే అంతా జరిగింది. అంటే తొంభైల చివర్లో. మా ఆయన అప్పుడు బెంగుళూరులో కట్టడం పనుల మీద ఉన్నాడు, పండగకు సెలవు దొరకలేదు.

చెవులపిల్లిని గంప కింద పెట్టి ఇంటికి తెచ్చారు. మా అత్త దానికి శనగాకు వేసింది. దాన్ని ఆమె బిడ్డను చూసినట్టు చూసింది. ఆ రోజు దాన్ని ముట్టుకుంటే మంచిదని నమ్మకం. పసిపిల్లల తల్లులు బిడ్డ చేయి పట్టి దాని వీపు నిమిరించేవాళ్ళు. కొత్త కోడళ్ళ ఒడిలో పెట్టేవాళ్ళు. అత్త నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, కొంగు పరిచి, దాన్ని నా ఒడిలో పెట్టింది. "పట్టుకోమ్మా, బయపడాకు. వచ్చే ఏడు ఇదే ఒడిలో బిడ్డ ఉంటాది" అంది. దాని గుండె కొట్టుకోవడం నా తొడకు తెలిసింది. అంత చిన్న ప్రాణి, అంత గట్టిగా. ఆ ఏడు చెవికి కుట్టాల్సిన పోగు కూడా నా కోసమే మొక్కుకుని తన చెవిది తీసి ఇచ్చింది, పైచెవికి పెట్టుకునే చిన్న బంగారు పోగు.

పోగు కుట్టే ముందు చెవి శుభ్రం చేయాలి. చెవులపిల్లి చెవి లోపల పిడుదులు పట్టి ఉన్నాయి, గొర్రెలకూ కుక్కలకూ పడతాయే, అవే. కొన్ని బలిసినవి, కొన్ని నువ్వుగింజలంత ఉండీ లేనట్టు ఉన్నవి. మామ ఒక్కొక్కటే గోటితో తీసి తన తువ్వాల్లో వేశాడు. ఒకటి నేల మీద పడితే నేను చెప్పు తీయబోయాను. "చంపాకు. ఈ పొద్దు దాని మీద ఉండే పురుగు కూడా దేవునిదే" అన్నాడు. అది వాళ్ళ తాతల నాటి పద్ధతి. దేవుని దినం ఆ ప్రాణి మీది దేన్నీ చంపరు. తువ్వాలను మా అత్త తీసుకుపోయి పెరట్లో గొర్రెల దొడ్డి పక్కన కంచె మీద మెల్లగా దులిపింది. వాటి దారిన అవి పోతాయని. ఆ తువ్వాలనే సాయంత్రం భుజాన వేసుకుని నీళ్ళు తోడింది.

మరునాడు చెవులపిల్లి తూర్పుకే పరిగెత్తింది. ఊరంతా ఈలలు వేసింది.

పండగ అయిన వారానికి మొదట నాకు, ఆ వెంటనే అత్తకు జ్వరం వచ్చింది. తల పగిలిపోయే నొప్పి. ఒళ్ళు నొప్పులు. కొన్నాళ్ళకు ఒంటి మీద ఎర్రగా పొక్కినట్టు మచ్చలు వచ్చాయి. మచ్చలు కనబడగానే అత్త నాకు చేతులెత్తి మొక్కింది. నాకంటే నాకు కాదు, నా ఒంట్లోకి వచ్చిన అమ్మవారికి. ఆమె ఒంటి మీదా వచ్చాక ఇంకేం మాట్లాడేది లేకపోయింది. గడపకు వేపాకు కట్టారు. ఇంట్లో తాలింపు వేయలేదు. మందూ మాకూ అన్న మాట ఎత్తకూడదు, అమ్మకు కోపం వస్తుంది. గడప దాటకూడదు. మజ్జిగా, రాగి అంబలీ. నా తలలో ఒక వేపకొమ్మ పెట్టారు. ఆ వాసన ఇప్పటికీ నాకు వాంతి తెప్పిస్తుంది.

తర్వాతి సంగతులు నాకు సగమే తెలుసు. మిగిలిన సగం చాలా ఏళ్ళకు మామ తనంతట తానే చెప్పాడు, శనక్కాయలు వలుస్తూ, వేరే ఎవరి ఇంటి సంగతో చెప్పినట్టు. నేను మనుషుల్ని గుర్తుపట్టడం మానేశానట. మా అమ్మను పిలుస్తున్నానట. మామ నా మంచం దగ్గర కూర్చుని, ఈగలు తోలుతూ, నా చేతిని తీసి పక్కన పెట్టబోతే అరచేతిలో కూడా మచ్చలు కనిపించాయట. అది చూసి ఆయనకు ఎందుకో భయమేసిందట. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు. "అరచెయ్యి చూస్తే మీ నాయన గెవనానికి వచ్చినాడు" అన్నాడు, గుర్తొచ్చాడని. పెళ్ళిలో మా నాయన నా చెయ్యి తీసి ఆయన చేతిలోనే ముందు పెట్టాడు.

ఆయన అత్త దగ్గరికి పోయి, "ఆస్పత్రికి పోదాం, ఇద్దరూ లేయండి" అన్నాడట.

"అమ్మను ఇంట్లో పెట్టుకోని గడప దాటితే ఊరికే పోతాదా?" అంది అత్త. "నేను రాను. నువ్వు ఆ పిల్లను తీసుకోని పో."

"నువ్వూ రావే."

"ఇల్లు ఒట్టిగా ఇడిచిపెట్టి ఎట్ల పోతామప్పా, అమ్మ ఉంటే? నేనుంటా. తప్పంటే నా మీద పోనీ. గమ్మున పో."

ఈ ఆఖరి మాట నేనూ విన్నాను. గమ్మున పో. అత్త గొంతులో అప్పుడు జ్వరం కూడా లేనట్టు ఉంది. మామ నన్ను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. బస్సు ఆగింది. కండక్టరు నా తలలో వేపాకు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమప్పా, అమ్మవారా? ఎక్కించుకోనబ్బా, బస్సు నిండా పిల్లోళ్ళుండారు" అన్నాడు. మామ ఆ కొమ్మను నా తలలోంచి పీకి రోడ్డు మీద పారేశాడు. "అమ్మవారు కాదు. వట్టి జరమే" అన్నాడు. తన నోటితో తెలిసి ఆడిన మొదటి అబద్ధం అదేనని, ఆ అబద్ధమే నిజమైందని తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. పీకిన వేపకొమ్మను మాత్రం తలుచుకుని చివరి దాకా చేతులు పంచెకు తుడుచుకునేవాడు.

టౌనులో డాక్టరు నా చేతులూ అరికాళ్ళూ తిప్పి చూశాడు. ఇంట్లో గొర్రెలున్నాయా, కుక్కలున్నాయా అని అడిగాడు. అన్నీ ఉన్నాయని మామ చెప్పి, చెవులపిల్లి సంగతి కూడా చెప్పాడు. అప్పుడు ఆ డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడట, ఇది అమ్మవారు కాదనీ, పిడుదు కుడితే వచ్చే జ్వరంలా ఉందనీ, పరీక్షలు తేలేదాకా ఆగితే మనిషి దక్కదనీ, ముందు మాత్రలు మొదలుపెడదామనీ. ఇంట్లో ఇంకొకరికి ఉందంటే, "ఇక్కడెందుకు నిలబడ్డావు, పో, తీసుకురా" అని కేకలేశాడట. మాత్రలు కూడా చేతికిచ్చి పంపించాడు.

మామ వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళాడు. ఇంటికి చేరేసరికి అత్త మింగే స్థితిలో లేదు. మాత్ర నీళ్ళలో కరిగించి పోస్తే పక్కనుంచి కారిపోయిందట. తెల్లారేసరికి పోయింది. బెంగుళూరులో మా ఆయనకు కబురు అందింది ఆ తర్వాతే.

నాకు తెలివి వచ్చి, ఒళ్ళు చల్లబడి, ఆకలవుతోందని అడిగిన రోజున మామ వచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. "మీ అత్త పోయిందమ్మా. మాత్ర ఏసుకో" అన్నాడు. నేను వేసుకున్నాను. ఆయన గ్లాసు తీసుకుని కడిగి, మూత పెట్టి, మంచం కింద పెట్టాడు. అప్పుడు కూడా ఏడుపు రాలేదు, ఇద్దరికీ. ఇప్పుడు తలుచుకుంటే, ఈ మొద్దుబారడం నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందేమో అనిపిస్తుంది.

నేను కోలుకుని ఇంటికి వచ్చే రోజు మామ డాక్టరును ఒకటే అడిగాడు. "నేను తెచ్చిన చెవులపిల్లేనా సార్?"

డాక్టరు మంచివాడు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పలేదు. అడవిలో చెవులపిల్లులు, ఎలుకలు, ముంగిసలు, పూరేడు పిట్టలు, వీటన్నిటి మీదా పిడుదు పిల్లగా ఉన్నప్పటి నుంచి బతుకుతుందన్నాడు. ఒకదాని రక్తం తాగి రాలిపోతుంది, గడ్డి పట్టుకుని ఉంటుంది, ఇంకొకటి దగ్గరగా పోతే ఎక్కుతుంది. అడవి ప్రాణి గొర్రెల దొడ్డి దాకా వస్తే దొడ్డికి, కుక్క అడవిలోకి పోయి వస్తే ఇంటికి చేరుతుంది. జబ్బు మోసే ఆ ప్రాణికి మాత్రం చాలాసార్లు ఏమీ కాదు. చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. మీ ఇంట్లోకి చెవులపిల్లి నుంచి వచ్చిందో, కుక్క నుంచి వచ్చిందో, గొర్రె నుంచి వచ్చిందో నేను చెప్పలేను పెద్దాయనా అన్నాడు.

"నేను నా చేతులతో తీసినా. నాకు రాలేదే" అన్నాడు మామ.

అందరికీ రాదు అన్నాడు డాక్టరు.

ఆ రెండు మాటలతోనే మామ మిగిలిన బతుకంతా బతికాడు. చెప్పలేను అన్నది ఒకటి, అందరికీ రాదు అన్నది ఒకటి. అదే అని తేలి ఉంటే వలను తగలబెట్టేవాడేమో. కాదు అని తేలి ఉంటే నిద్రపోయేవాడు.

ఏడాది తిరిగి పండగ వచ్చింది. ఆ ఏడు వేరుశనగ చేతికి రాలేదు. తూర్పుకు పరిగెత్తిన చెవులపిల్లి మాట నిలబెట్టుకోలేదు. వానలు పడ్డాయి, కాకపోతే పక్క మండలంలో. ఊరి పెద్దలు, పూజారి మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు. "వల తీయప్పా. ఈ ఏడు కూడా వాన లేకపోతే ఊర్లో మనిషనేవాడు మిగలడు" అన్నారు. వలోళ్ళు వల తీయకపోతే ఇంకొకరు తీయడానికి లేదు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఆయన ఏమంటాడా అని తలుపు సందులోంచి చూశాను. తీయనంటే ఊరు మమ్మల్ని బతకనివ్వదు. తీస్తానంటే నేను ఆ ఇంట్లో ఉండలేను.

"పడతా" అన్నాడు మామ. "ఇంటికి మాత్రం తేను. పట్టిన పొద్దే గుడికి పోవాల. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఒళ్ళో పెట్టేది లేదు, పిల్లోళ్ళ చేత నిమిరించేది లేదు. దాని మీది పిడుదులు తీసి కిరసనాయిల్లో ఏస్తా."

పూజారి లేచి నిలబడ్డాడు. "దేవుని దినం ప్రాణం తీస్తావా? మీ తాత తీసినాడా, మీ నాయన తీసినాడా?"

"చెవులపిల్లి దేవునిది సామీ. దాని మీది పిడుదు నాది. పాపముంటే నాకే రాసుకో."

ఎవరో గొణిగారు, పెళ్ళాం పోయినాక ఈయప్పకు మతి సరిగా లేదని. మామకు వినబడింది. "నిజమే" అన్నాడు. వాళ్ళు చాలాసేపు ఆయనతో వాదించారు. చివరికి వాన మీద ఆశ గెలిచింది, ఆయన చెప్పినట్టే కానిమ్మన్నారు.

ఆ మరునాడు వలలో పడిన చెవులపిల్లి చెవికి పోగు ఉంది.

అట్లా ఒక్కోసారి అవుతుందని, పోగున్నది పడితే దేవుడు దాన్నే మళ్ళీ కోరుకున్నట్టని పెద్దలు అంటారు. మామ దాని చెవి తిప్పి చూశాడు. అత్త పోగు. ఏడాదిగా ఎండలో, ముళ్ళలో తిరిగినా మెరుస్తూనే ఉంది. చెవులపిల్లి బలిసి ఉంది. నున్నగా ఉంది. దాన్ని గుడి ముందరికి తెచ్చాక పొదలు తట్టిన వాళ్ళంతా చుట్టూ చేరారు. "చూడప్పా, దీనికేమన్నా అయిందా? పోయిన ఏడు మన చేతుల్లో ఉండిందే కదా. ఊరికే దాని మీద ఏస్తివి" అన్నాడు ఒకాయన, సంతోషంగానే.

మామ దాన్ని చాలాసేపు చూశాడు. నేను గుడి అరుగు మీద ఆడవాళ్ళతో నిలబడి ఆయన్నే చూస్తున్నాను.

"దీనికేమీ కాలేదు" అన్నాడు. "అదే కదప్పా సంగతి. దీనికేమీ కాదు."

తర్వాత కింద కూర్చుని, కొబ్బరి చిప్పలో కిరసనాయిలు పోసుకుని, దాన్ని మోకాళ్ళ మధ్య మెత్తగా పట్టుకుని, చెవుల్లోంచి ఒక్కొక్క పిడుదునూ తీసి చిప్పలో వేశాడు. తొందర పడలేదు. మేళం వాళ్ళు వాయించడం ఆపి కూర్చున్నారు. ఎవరో పోగు తీసుకోమన్నారు, మీ ఇంటామెది కదా అని. "ఇచ్చింది తీసుకుంటామా" అన్నాడు. వదిలాక అందరూ అది ఎటు పరిగెత్తుతుందా అని మెడలు సాచి చూస్తే, ఆయన మాత్రం తువ్వాలు పరిచి ఏమన్నా అంటుకుందేమోనని వెతుక్కుంటున్నాడు. ఎటు పోయిందని సాయంత్రం నన్ను అడిగాడు. చూడలేదు మామా అన్నాను. నిజంగానే చూడలేదు.

అప్పటి నుంచి మొన్నటి పండగ దాకా అట్లాగే నడిచింది. మొదట సణిగినవాళ్ళు అలవాటు పడ్డారు. ఆడవాళ్ళకు మాత్రం చాలా కాలం కోపం పోలేదు. పిల్లలు లేని ఒకామె పండగనాడు మా ఇంటికి వచ్చి, ఒక్క ఘడియ ఒళ్ళో పెట్టు మామా అని ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఒళ్ళో పెడితే బిడ్డలు పుడతారో పుట్టరో నాకు తెలీదు తల్లీ. పిడుదు ఉండాది, అది మాత్రం తెలుసు" అన్నాడు. ఆమె తిట్టుకుంటూ వెళ్ళింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

కరువు ముదిరేకొద్దీ అడవి ఊరికి దగ్గరైంది. గుట్టల మీద నీళ్ళు లేక చెవులపిల్లులు మా బోరు కాలువ దాకా వచ్చేవి. అడవి పందులు చేలల్లో పొర్లేవి. నక్కలు దొడ్డి చుట్టూ తిరిగేవి. అందరూ పంట పోతుందని బాధపడితే, మామ అవి పడుకున్న చోట గడ్డిలోకి గొర్రెలను పోనిచ్చేవాడు కాదు. వాటి మీద ఆయనకు కోపం మాత్రం లేదు. ఎవరైనా ఉచ్చు పెడితే విప్పేసేవాడు. "దాహానికి వచ్చినాది. దానికేం తెలుసు, ఏం మోసుకొచ్చినాదో" అనేవాడు. పొలం నుంచి ఎవరు వచ్చినా గడప బయట బట్టలు దులుపుకుని రావాలి. ఊళ్ళో కుక్కలన్నీ ఆయన్ను చూస్తే వాటంతట అవే చెవులు అప్పగించేవి.

ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే. "అరచేతులు చూపీమ్మా." పిల్లల్ని వెలుతురులోకి తిప్పి, వేళ్ళు విప్పి, అరచేతులూ అరికాళ్ళూ చూసేవాడు. ఆయన కళ్ళు మసకబారాక ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టుకునేవాడు. మచ్చ కనబడితే ఇక ఎవరి మాటా వినడు, అమ్మవారని ఎవరైనా అంటే ఇంతెత్తున లేచేవాడు, బస్సు ఎక్కించి గానీ వదలడు. ఎక్కువసార్లు మామూలు జ్వరమే అయ్యేది. డాక్టరు నవ్వి పంపేవాడు. మామకు చిన్నతనమనిపించేది కాదు. మచ్చ లేకపోతే చెయ్యి వదిలి, "ఏమీ లేదు, పో" అనేవాడు. నాకు తుమ్ము వచ్చినా, తల నొప్పి అన్నా చేతులు చాపాల్సిందే. నా కూతురు పుట్టాక దానికీ అలవాటైంది. బడి ఎగ్గొట్టాలనుకున్నప్పుడల్లా ముందు తాత దగ్గరికి పోయి చేతులు చాపేది. ఏమీ లేదు, పో అనిపించుకుని ఏడుస్తూ బడికి పోయేది.

అత్త సంగతి మేమిద్దరం మాట్లాడుకున్నది చాలా తక్కువ. శనక్కాయలు వలిచిన ఆ రోజు నేను అడిగాను, అత్తను వదిలి నన్నెందుకు తీసుకుపోయావు మామా అని. అడిగి తప్పు చేశాననుకున్నాను. ఆయన వలవడం ఆపలేదు.

"నిన్ను మీ నాయన నా చేతిలో పెట్టినాడు. నీ సంగతి ఆయప్పకు జవాబు చెప్పాల. మీ అత్త సంగతి నాకు నేను చెప్పుకుంటే చాలు గదా."

"చెప్పుకున్నావా?"

"చెప్పుకుంటాండా" అన్నాడు.

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని మళ్ళీ ఆయనే, "ఆ చెవులపిల్లి నా వలలో పడిందే గదమ్మా" అన్నాడు. కుక్క నుంచి వచ్చిందేమో మామా, డాక్టరు కూడా అన్నాడు కదా అన్నాను. ఆయన కాయల పొట్టు ఊదుతూ ఆలోచించాడు. "సరే, ఈ పొద్దుకు కుక్కదే అనుకుందాం" అన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడైనా ఆయన ఊరికే కూర్చుని అట్లా చూస్తూ ఉంటే, "ఈ పొద్దుకు కుక్కదే మామా" అనేదాన్ని. తల ఊపేవాడు. కొన్నిసార్లు ఊపేవాడు కాదు.

ఆయన మంచివాడని రాయాలా? మొండివాడు. మా ఆయనతో ఏళ్ళ తరబడి సరిగ్గా మాట్లాడలేదు, ఊరు వదిలిపోయాడని. నా వంటకు ఒక్కనాడు బాగుందని అనలేదు. కానీ నేను ప్రాణంతో ఉన్నది ఆయన పీకి పారేసిన వేపకొమ్మ వల్ల. అది నాకు ఆయన బతికి ఉండగా చెప్పాలని తోచలేదు. చెబితే ఏమనేవాడో తెలుసు. గమ్మునుండు అనేవాడు.

కడుపులో ఏ బాధా లేకుండా ఇదంతా రాస్తున్నాననుకోకండి. ఉంది. ఎక్కడుందో చేతికి దొరకడం లేదు. స్నానం చేయించేటప్పుడు కాళ్ళ మీద నీళ్ళు పోయమంటే పోశాను. బియ్యం వేయమంటే వేశాను. వల ఇక ఎవరు పడతారని పెద్దలు మా ఆయన్ను అడుగుతుంటే వాళ్ళకు కాఫీలు ఇచ్చాను. మా ఆయన నా వైపు చూశాడు. కొబ్బరి చిప్ప, కిరసనాయిలు ఉంటేనే అన్నాను. పూజారే ముందుగా సరే అన్నాడు.

నిన్న సాయంత్రం నాకు జ్వరం తగిలింది. పని ఒత్తిడే, వేరే ఏమీ కాదు. మా ఆయన మాత్ర వేసుకోమన్నాడు. వేసుకుంటానన్నాను. కానీ ముందు వసారాలోకి వచ్చాను. మామ మంచాన్ని గోడకు నిలబెట్టి ఉంచారు. కుక్క వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని చెవి అప్పగించింది. చూశాను. శుభ్రంగా ఉంది. రెండోదీ చూశాను.

తర్వాత గడప దగ్గర ఇంకా కాస్త వెలుతురు ఉంటే అటు తిరిగి, వేళ్ళు విప్పి, రెండు అరచేతులూ చాపాను. మచ్చ లేదు. పసుపు మరక తప్ప ఏమీ లేదు. నాకు కనబడుతూనే ఉంది. అయినా ఎవరో ఒకరు ఏమీ లేదు, పో అంటే లోపలికి పోదామని, మంచం వైపు చేతులు చాపుకుని అట్లాగే నిలబడి ఉన్నాను.